సన్నటి సిగ్నల్ వినాలంటే ఏజీసీని ఎలా వాడాలి

రాత్రి ఎనిమిది దాటింది. మీ హామ్ రేడియో సెట్టులో, అంటే సరదా కోసం ఒకరితో ఒకరు రేడియోలో మాట్లాడుకునేవాళ్ల సెట్టులో, 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర హోరు అడుగున ఎక్కడో సన్నగా ఒక గొంతు. మీరు చెవి రిక్కించి వింటున్నారు. కాల్‌సైన్‌లో (స్టేషన్ గుర్తింపు పేరులో) ఆఖరి అక్షరం వచ్చేలోపు పక్కనే ఎవరో మైకు నొక్కారు. అంతే, మీరు వింటున్న గొంతు మాయం. ఆయన ఆపాక కూడా సెట్టు ఒకటి రెండు సెకన్లు మూగబోయి, ఆ తర్వాత హోరు మెల్లగా పైకి లేచింది. ఈలోపు మీరు వింటున్నాయన 'ఓవర్' అనేశారు.

ఇలాంటప్పుడు చాలామంది యాంటెన్నాను తిట్టుకుంటారు, లేదంటే ఇంకో ప్రీయాంప్ (వచ్చిన సిగ్నల్‌ను మొదట్లోనే పెంచే పరికరం) కొనడానికి బయల్దేరతారు. ఆ డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక గంట కూర్చుని సెట్టు మీదున్న రెండు మూడు నాబ్‌లతో ఆడుకోండి. మీకు చెప్పకుండా గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) తగ్గిస్తూ పెంచుతూ ఉన్నది ఏజీసీ, అంటే ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్. దాన్ని ఎప్పుడు పని చేయనివ్వాలో, ఎప్పుడు చెయ్యి పట్టుకుని ఆపాలో తెలిస్తే, ఉన్న సెట్టుతోనే ఇంతకు ముందు వినిపించని స్టేషన్లు కొన్ని వినిపిస్తాయి.

ముందు ఇది చేసే పనేంటో

పెళ్లి మండపంలో మైకు కుర్రాణ్ని గుర్తు తెచ్చుకోండి. పంతులుగారి ముందు పెట్టిన మైకులోకి డోలు, సన్నాయి కూడా దూరతాయి. గట్టిమేళం అందుకోగానే కుర్రాడు వాల్యూమ్ కిందికి లాగేస్తాడు. డోలు అదుపులోకి వస్తుంది, దాంతోపాటే మంత్రమూ మునిగిపోతుంది. నాబ్ ఒక్కటే కదా. మేళం ఆగాక అతను ఎంత త్వరగా మళ్లీ పెంచుతాడన్నది ఇంకో సంగతి. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడంటే సగం మంత్రాలు గాల్లో కలిసిపోతాయి.

ఏజీసీ అచ్చం ఆ కుర్రాడే. ఫిల్టర్ (కావలసిన వెడల్పు మేరకే సిగ్నళ్లను లోపలికి వదిలే తలుపు) దాటి వచ్చిన మొత్తం సిగ్నల్ ఎంత బలంగా ఉందో కొలిచి, దాన్ని బట్టి ముందు స్టేజీల గెయిన్ తగ్గిస్తుంది. తగ్గించే వేగాన్ని ఎటాక్ అంటారు, అది కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది. మళ్లీ పెంచే వేగం డికే. సెట్టును బట్టి, మీరు ఎంచుకున్న ఫాస్ట్, స్లో సెట్టింగును బట్టి అది సెకనులో పదో వంతు నుంచి కొన్ని సెకన్ల దాకా ఉంటుంది. వచ్చిన వాటిలో మీకు కావలసింది ఏదో దానికి తెలియదు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లదే పెత్తనం.

1925లో అమెరికాలో హెరాల్డ్ వీలర్ దీన్ని తయారు చేసినప్పుడు ఆటోమేటిక్ వాల్యూమ్ కంట్రోల్ అనే పేరుండేది. అప్పటిదాకా సన్నటి స్టేషన్ నుంచి గట్టి స్టేషన్‌కు తిప్పితే స్పీకర్ ఒక్కసారి గావుకేక పెట్టేది. దూరపు స్టేషన్ అయితే అలలు అలలుగా లేచి పడుతూ ఉండేది. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు విన్న తరం వాళ్లకు ఆ లేచి పడే చప్పుడు ఇప్పటికీ గుర్తే. ఏజీసీ ఉన్నా కూడా అంత ఊగేదంటే, లేకపోతే ఎలా ఉండేదో ఊహించుకోండి.

అంటే ఇది పుట్టింది మీ చెవిని గట్టి సిగ్నల్ నుంచి కాపాడటానికి. హోరులోంచి సిగ్నల్‌ను పైకి లాగే శక్తి దానికి లేదు. గెయిన్ పెరిగితే సిగ్నలూ పెరుగుతుంది, హోరూ పెరుగుతుంది, వాటి నిష్పత్తి అలాగే ఉంటుంది. ఏజీసీ చెడగొట్టేది మరొకటి. సన్నటి సిగ్నల్‌కీ చుట్టూ ఉన్న హోరుకీ మధ్య చెవి పట్టుకోగల తేడాను అది చదును చేస్తుంది, లేదా సంబంధం లేని వేరే సిగ్నల్ వల్ల మీదాన్ని నొక్కేస్తుంది. కింద చెప్పేదంతా ఆ రెండూ జరక్కుండా చూసుకోవడం గురించే.

14.100 మీద పది సెకన్ల పరీక్ష

ఏజీసీ ఏం చేస్తోందో చెవితో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు. ప్రపంచంలో వేర్వేరు చోట్ల ఉన్న 18 బీకన్ స్టేషన్లు (వినేవాళ్ల పరీక్ష కోసం సిగ్నల్ పంపుతూ ఉండేవి) 14.100 మెగాహెర్ట్జ్ మీద వంతులవారీగా వస్తాయి. ఒక్కోదానికి పది సెకన్లు, మూడు నిమిషాలకు ఒక చుట్టు. ప్రతి బీకనూ ముందు మోర్స్‌లో తన కాల్‌సైన్ పంపి, తర్వాత ఒక్కో సెకను పొడవున్న నాలుగు డ్యాష్‌లు పంపుతుంది. కాల్‌సైన్, మొదటి డ్యాష్ 100 వాట్లతో. రెండోది 10 వాట్లు, మూడోది 1 వాట్, నాలుగోది వాట్‌లో పదో వంతు. ప్రతి మెట్టుకీ 10 డీబీ (డెసిబెల్), అంటే పదో వంతుకు, తగ్గుతుందన్నమాట.

మన వైపు వాళ్లకు దగ్గర్లో ఉన్నది శ్రీలంక బీకన్, 4ఎస్7బి. హైదరాబాద్ నుంచి కొలంబో వెయ్యి కిలోమీటర్ల పైమాటే కాబట్టి పగటి పూట 20 మీటర్ల బ్యాండ్‌లో (ఈ 14 మెగాహెర్ట్జ్ బ్యాండే) అందే దూరమే. దాని వంతు ప్రతి చుట్టులో 1 నిమిషం 30 సెకన్లకు మొదలవుతుంది. చుట్లు అంతర్జాతీయ సమయం ప్రకారం నడుస్తాయి, కానీ మనకూ దానికీ ఉన్న అయిదున్నర గంటల తేడాలోని ముప్పై నిమిషాలు మూడుతో సరిగ్గా భాగింపబడతాయి. అందుకని మన గడియారంతోనే లెక్కేసుకోవచ్చు. నిమిషాల అంకె మూడుతో భాగింపబడే చోట చుట్టు మొదలు. 10 గంటల 1 నిమిషం 30 సెకన్లకు, 4 నిమిషాల 30 సెకన్లకు, 7 నిమిషాల 30 సెకన్లకు, అలా. ఫోన్‌లో టైమ్ సెకన్లతో సహా సరిగ్గా ఉండేలా చూసుకోండి. బీకన్లు రిపేర్ల వల్ల అప్పుడప్పుడు మూగబోతుంటాయి. శ్రీలంకది వినిపించకపోతే బాగా వినిపించే ఇంకోదాన్ని పట్టుకోండి.

సెట్టును మోర్స్ మోడ్‌లో పెట్టి, ఏజీసీని స్లోలో ఉంచి ఒక చుట్టు వినండి. కాల్‌సైన్ గట్టిగా వస్తుంది, గెయిన్ పడిపోతుంది, అది కోలుకునేలోపే డ్యాష్‌లు ఒకదాని వెనక ఒకటి కిందికి దిగిపోతాయి. చివరివి చెవికి అందనంత చిన్నవైపోతాయి. ఇప్పుడు ఫాస్ట్‌లో పెట్టి వినండి. మొదటి రెండు మూడు డ్యాష్‌లు దాదాపు ఒకే చప్పుడుతో వస్తాయి, కానీ వాటి వెనక హోరు మెట్లు మెట్లుగా లేస్తూ ఉంటుంది. వందో వంతు పవర్‌తో వచ్చింది కూడా 100 వాట్లంత గట్టిగా వినిపించడం విన్నారా? అదే ఏజీసీ చదును చేయడమంటే. మూడోసారి ఏజీసీ ఆపేసి, ఆర్ఎఫ్ గెయిన్ (ముందు స్టేజీల గెయిన్‌ను మన చేత్తో మార్చే నాబ్) తగ్గించి వినండి. ఇప్పుడు నాలుగు మెట్లూ నిజం మెట్లలాగా దిగుతాయి, హోరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఈ మూడు చుట్లూ వింటే మిగతాదంతా సగం అర్థమైపోయినట్టే.

ఇల్లు సర్దుకోవడం

నాబ్‌ల జోలికి వెళ్లేముందు ఇంట్లో గోల తగ్గించండి. మొబైల్ చార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు, ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, సెట్‌టాప్ బాక్స్, ఇన్వర్టర్, వైఫై రౌటర్‌కున్న చిన్న అడాప్టర్, ఇవన్నీ మీ సెట్టులోకి హోరు పోస్తూనే ఉంటాయి. సెట్టును బ్యాటరీ మీద నడిపి, మెయిన్ స్విచ్ ఒక్క నిమిషం ఆపి ఎస్-మీటర్ (సిగ్నల్ బలం చూపించే మీటర్) ముల్లు ఎంత పడిందో చూడండి. ఒక్కో ఎస్ గీతకు 6 డీబీ. రెండు గీతలు పడిందంటే మీ ఇల్లే 12 డీబీ హోరు పెంచుతోందని అర్థం. ఏ ఏజీసీ సెట్టింగూ దాన్ని వెనక్కి తెచ్చివ్వలేదు. మా ఇంట్లో అసలు దొంగ ట్యూబ్‌లైట్ తీసేసి పెట్టిన ఎల్‌ఈడీ పట్టీ. దాని కోసం వారం రోజులు అనవసరంగా యాంటెన్నా తీగ మార్చి మార్చి కట్టాను.

తర్వాత చూడాల్సింది సెట్టులో గెయిన్ సరిపోతోందా అన్నది. ఏజీసీ ఆపండి, ఆపే వీలు లేకపోతే ఎస్-మీటర్ మీద కన్నేసి ఉంచండి. ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీకి తిప్పి యాంటెన్నా పీకేయండి. హోరు స్పష్టంగా పడిపోయిందా? అయితే మీకు వినిపిస్తున్నది ఆకాశం నుంచి, ఊరి నుంచి వచ్చే హోరే. సెట్టుకు కావలసినంత గెయిన్ ఉంది, ప్రీయాంప్ అక్కర్లేదు. 7 మెగాహెర్ట్జ్ మీద దాదాపు ఎప్పుడూ ఇదే ఫలితం వస్తుంది. 28 మెగాహెర్ట్జ్ మీద, లేదా కిటికీలో వేలాడదీసిన చిన్న తీగతో తేడా తెలియకపోతే అప్పుడు ప్రీయాంప్ వేయండి.

ఈ పరీక్ష ఏజీసీ నడుస్తుండగా చెవితో చేయకండి. యాంటెన్నా పీకగానే అది గెయిన్ పెంచేసి తేడాను కప్పిపుచ్చుతుంది. చాలామంది 'మా సెట్టులో యాంటెన్నా ఉన్నా లేకున్నా ఒకటే హోరు' అని బాధపడేది ఇందుకే.

గట్టి స్టేషన్ గడప దాటకముందే

మన దగ్గర హామ్‌ల 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్ బ్యాండ్) 7.200తో అయిపోతుంది. దాని పైన బ్రాడ్‌కాస్టింగ్ స్టేషన్లు. చీకటి పడ్డాక వాటి బలం మామూలుగా ఉండదు. అవి మీ ఫిల్టర్‌లోంచి రావు కాబట్టి ఏజీసీ వాటిని చూడదు కూడా. కానీ ఫిల్టర్‌కు ముందున్న మిక్సర్ (వచ్చిన ఫ్రీక్వెన్సీని సెట్టు లోపలి ఫ్రీక్వెన్సీకి మార్చే భాగం) వాటన్నిటినీ మింగాల్సిందే. మింగలేకపోతే లోపలే కొత్త కొత్త సిగ్నళ్లు పుట్టించి, లేని హోరు తయారు చేస్తుంది.

ఇక్కడ అటెన్యుయేటర్ (వచ్చిన సిగ్నల్‌నంతా తగ్గించే స్విచ్) చేసే పని చూస్తే మొదటిసారి ఎవరికైనా ఆశ్చర్యమే. 10 డీబీ అటెన్యుయేటర్ నొక్కితే మీ సన్నటి సిగ్నల్ 10 డీబీ తగ్గుతుంది. మిక్సర్‌లో పుట్టే ఆ చెత్త (థర్డ్ ఆర్డర్ అంటారు) మాత్రం 30 డీబీ తగ్గుతుంది. బయటి హోరు కూడా సిగ్నల్‌తో పాటే 10 డీబీ తగ్గింది కాబట్టి మీకు పోయిందేమీ లేదు. కాబట్టి రాత్రిపూట 7 మెగాహెర్ట్జ్ మీద వినేటప్పుడు ప్రీయాంప్ ఆపండి, ఒకసారి అటెన్యుయేటర్ నొక్కి చూడండి. హోరు ఆ 10 డీబీ కంటే బాగా ఎక్కువ పడిపోతే, అందులో చాలా భాగం మీ సెట్టు తయారు చేసుకున్నదే.

ఫిల్టర్ ఇరుకు చేయండి

ఏజీసీ కొలిచేది ఫిల్టర్ దాటి వచ్చినదాన్ని. అందుకే తలుపు ఎంత ఇరుకైతే లోపలికి వచ్చే గోల అంత తక్కువ. మాటలకు 2.4 కిలోహెర్ట్జ్ బదులు 1.8 కిలోహెర్ట్జ్‌కు తగ్గించి చూడండి, గొంతు కాస్త డబ్బాలోంచి వచ్చినట్టున్నా పదాలు తెలుస్తాయి. మోర్స్‌కు 500 హెర్ట్జ్. 2.4 కిలోహెర్ట్జ్ నుంచి 500 హెర్ట్జ్‌కు తగ్గిస్తే హోరు దాదాపు 7 డీబీ తగ్గుతుంది. అది ఉచితంగా వచ్చిన లాభం.

ఒక మెలిక ఉంది. కొన్ని సెట్లలో ఇరుకు ఫిల్టర్ ఆడియో దగ్గర ఉంటుంది, ఏజీసీ మాత్రం దానికి ముందే కొలుస్తుంది. మనం బయటి నుంచి స్పీకర్‌కు కట్టుకున్న ఆడియో ఫిల్టర్లన్నీ ఈ కోవలోవే. అప్పుడు పక్క స్టేషన్ మీకు వినిపించదు, కానీ దాని ప్రతి మాటకూ మీ సిగ్నల్ ఊపిరి తీసుకుంటున్నట్టు లేచి పడుతుంది. దెయ్యం పట్టినట్టు ఉంటుంది. ఎవరూ వినిపించకపోయినా మీ స్టేషన్ ఇలా ఊగుతుంటే, కారణాన్ని ఆ ఆడియో ఫిల్టర్ తర్వాత కాకుండా, దానికంటే ముందున్న స్టేజీల్లో వెతకండి. పాస్‌బ్యాండ్ ట్యూనింగో, ఐఎఫ్ షిఫ్టో (ఫిల్టర్‌ను అటూ ఇటూ జరిపే నాబ్‌లు) ఉంటే ఆ పక్కవాణ్ని ఐఎఫ్ దగ్గరే, అంటే ఆడియో కాకముందు లోపలి ఫ్రీక్వెన్సీ స్టేజీలోనే, అంచు అవతలికి తోసేయండి.

ఆర్ఎఫ్ గెయిన్ నాబ్, అసలు పని ఇక్కడే

చాలా ఇళ్లలో ఈ నాబ్ కొన్న రోజు నుంచి కుడివైపు చివరకు తిప్పి, దుమ్ము పట్టి ఉంటుంది. సన్నటి సిగ్నల్ వినేవాడికి ఇదే ముఖ్యమైన నాబ్.

సిగ్నల్ కొంత మట్టం దాటితేనే ఏజీసీ మేలుకుంటుంది. ఆ మట్టం కింద అంతా నిటారు, అంటే సిగ్నల్ ఎంత పెరిగితే చప్పుడు అంత పెరుగుతుంది. మట్టం దాటాక అంతా చదును. హెచ్‌ఎఫ్‌లో (3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా) ఎస్9 అంటే యాంటెన్నా దగ్గర 50 మైక్రోవోల్టులు, ఎస్1 అంటే 0.2 మైక్రోవోల్టు. మీ ఊళ్లో హోరే ఎస్6 ఉండి, ఏజీసీ ఎస్3 దగ్గరే మేలుకుంటే ఏమవుతుంది? హోరే ఏజీసీని రోజంతా తొక్కిపట్టి ఉంచుతుంది. బండి స్పార్క్ ప్లగ్ చప్పుడు, ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయిన టిక్కు, ప్రతిదానికీ గెయిన్ ఎగిరెగిరి పడుతుంది. ఎస్7తో వచ్చిన గొంతు హోరు కంటే 6 డీబీ ఎక్కువే అయినా, ఏజీసీ ఆ తేడాను నలిపేసి ఇస్తుంది.

ఇప్పుడు ఇలా చేయండి. ఏజీసీని ఫాస్ట్‌లో పెట్టండి. ఎవరూ లేని చోటికి తిప్పండి. ఆర్ఎఫ్ గెయిన్ పూర్తిగా పెంచి, హోరుకు ముల్లు ఎక్కడిదాకా ఎగురుతోందో చూసుకోండి. ఎస్6 అనుకుందాం. ఇక నాబ్‌ను మెల్లగా ఎడమకు తిప్పండి. మొదట్లో ముల్లు కదలదు. ఒకచోట ఉన్నట్టుండి ముల్లు నిలకడగా పైకి లేవడం మొదలవుతుంది. గెయిన్ తగ్గిస్తుంటే మీటర్ పెరగడమేంటని కంగారుపడకండి. చాలా సెట్లలో ఎస్-మీటర్ చూపించేది ఏజీసీ వోల్టేజీని, ఆర్ఎఫ్ గెయిన్ నాబ్ కూడా అదే తీగ మీద పని చేస్తుంది. ముల్లు హోరు శిఖరాల కంటే ఒక్క వెంట్రుక పైన నిలబడేదాకా తిప్పి వదిలేయండి. తర్వాత ఆడియో వాల్యూమ్ మీకు సరిపడా పెంచుకోండి.

ఇప్పుడు హోరు ఏజీసీ మట్టం కిందే ఉండిపోయింది. ఎస్6కు కాస్త పైన ఉన్న సన్నటి గొంతు కూడా మొత్తం తేడాతో వినిపిస్తుంది. ఎవరైనా గట్టి మనిషి వచ్చి అరిస్తే ఏజీసీ యథావిధిగా పట్టుకుంటుంది. మాటకూ మాటకూ మధ్య హోరు ఉప్పెనలా లేవడం ఆగిపోతుంది, అదే పెద్ద సుఖం. రెండు గంటలు కూర్చుని విన్నాక తలనొప్పి వచ్చే తీరులో తేడా మీకే తెలుస్తుంది.

బ్యాండ్ మారినప్పుడల్లా, పొద్దుగూకినప్పుడల్లా ఇది మళ్లీ చేసుకోవాలి. ఒకసారి పెట్టి మర్చిపోయే సెట్టింగ్ కాదిది. ఇంకో చిక్కు, ఇలా పెట్టాక మీటర్ చూసి ఎదుటివాళ్లకు సిగ్నల్ రిపోర్టు ఇవ్వకండి. ముల్లు మీరు నిలబెట్టిన చోటే ఉంటుంది, అబద్ధం చెబుతుంది.

ఫాస్టా, స్లోనా

మోర్స్‌కు ఫాస్ట్. మాటలకు, ఒకే స్టేషన్‌ను తీరిగ్గా వినేటప్పుడు స్లో. నలుగురు రకరకాల బలాలతో మాట్లాడే నెట్‌లో (హామ్‌లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుసుకునే చోట) మీడియమ్. టిక్కు టిక్కుమనే హోరు ఉంటే స్లో పెట్టకూడదు, ప్రతి టిక్కూ రెండేసి సెకన్లు మింగేస్తుంది. ముందు నాయిస్ బ్లాంకర్ (టిక్కు వచ్చిన క్షణం మాత్రం సెట్టు నోరు మూసేది) వేసి, అది టిక్కును ఏజీసీ దాకా రానివ్వకుండా చేస్తోందా చూడండి.

ఏజీసీ పూర్తిగా ఆపేటప్పుడు

ఇది చెవికి ప్రమాదం. దయచేసి ఈ పేరా దాటేయకండి.

ఏజీసీ లేకుండా సన్నటి మోర్స్ వింటుండగా, అదే ఫ్రీక్వెన్సీ మీద పక్క వీధి ఆపరేటర్ ట్యూన్ చేయడానికి కీ నొక్కాడంటే హెడ్‌ఫోన్‌లో పిడుగు పడ్డట్టే. అందుకే ముందు ఒక చిన్న లిమిటర్ చేసుకోండి. సెట్టు హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్ వరుసలో, దాని తర్వాత గ్రౌండ్‌కు రెండు 1ఎన్4148 డయోడ్లు ఒకదానికొకటి తలకిందులుగా. ఆ డయోడ్ల మీద వోల్టేజీ దాదాపు 0.6 దగ్గర ఆగిపోతుంది. ఇక్కడితో ఆపితే సరిపోదు. ఇప్పటి 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్లకు 0.6 వోల్టు కూడా చెవి చిల్లుపడే చప్పుడే. డయోడ్ల తర్వాత హెడ్‌ఫోన్‌కు వరుసలో ఇంకో 100 ఓమ్‌లు పెట్టండి, హెడ్‌ఫోన్ మీద మిగిలేది ఆ 0.6లో నాలుగో వంతే. స్టీరియో హెడ్‌ఫోన్ అయితే రెండు వైపులకూ వేర్వేరుగా ఇదే కట్టుకోవాలి. మొత్తం సామాను ఒక అగ్గిపెట్టెలో పడుతుంది.

లిమిటర్ పెట్టుకున్నాక వరుస ఇది. ముందు ఆర్ఎఫ్ గెయిన్ పూర్తిగా తగ్గించండి. తర్వాత ఏజీసీ ఆపండి. ఆడియో వాల్యూమ్ సగానికి పైన ఒకచోట పెట్టి వదిలేయండి. ఇక ఆర్ఎఫ్ గెయినే మీ వాల్యూమ్ నాబ్. హోరు ఉందా లేదా అన్నట్టు వినిపించేదాకా పెంచి, అక్కడి నుంచి డయల్ తిప్పండి. చెయ్యి ఆ నాబ్ మీదే ఉండాలి, స్కూటర్ బ్రేకు మీద ఉన్నట్టు.

కంప్యూటర్‌తో వినేటప్పుడు

ఎఫ్‌టీ8 లాంటి డిజిటల్ మోడ్‌లో 15 సెకన్ల ముక్కల్లో, రెండున్నర కిలోహెర్ట్జ్ వెడల్పులో పాతిక ముప్పై స్టేషన్లు ఒకేసారి ఉంటాయి. హోరు కంటే 20 డీబీ కిందున్న సిగ్నల్‌ను కూడా డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రాం పట్టగలదు. కానీ అందులో ఒక్కడు గట్టిగా ఉన్నా ఏజీసీ అందరినీ కలిపి నొక్కేస్తుంది. కాబట్టి ఏజీసీ ఆపండి, ఆపలేని సెట్టు అయితే ఆర్ఎఫ్ గెయిన్ తగ్గించి అది మేలుకోకుండా చూడండి. ఆ తర్వాత ఖాళీ హోరుకు ప్రోగ్రాంలోని లెవెల్ మీటర్ 30 డీబీ దగ్గర నిలిచేలా సౌండ్ కార్డు సర్దుకుంటే చాలు. ఇక్కడ చెవి పోయే భయం లేదు, స్పీకర్ ఆపేసుకోండి.

ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చి వాడే చిన్న రేడియో) వాడేవాళ్లకు తికమక ఒకటుంది. అందులో ఏజీసీలు ఒకటి కాదు. ట్యూనర్‌లో ఉన్నది వేరు, ప్రోగ్రాంలో ఆడియో కోసం ఉన్నది వేరు. ప్రోగ్రాంలోది సిగ్నల్ అంకెలుగా మారాక పని చేస్తుంది, దానివల్ల పెద్ద నష్టం లేదు. ట్యూనర్‌ది మాత్రం ఆపండి. డాంగిల్‌లో ఉన్నది 8 బిట్ల ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగం), గట్టి సిగ్నల్‌కూ సన్నటి సిగ్నల్‌కూ మధ్య దానికి పట్టేది సుమారు 50 డీబీ మాత్రమే. గెయిన్‌ను సున్నా నుంచి ఒక్కో మెట్టు పెంచుతూ స్పెక్ట్రమ్ చూడండి. మొదట్లో సిగ్నల్ పెరుగుతుంది, అడుగున హోరు గీత కదలదు. కాసేపటికి రెండూ కలిసి పెరగడం మొదలవుతాయి. అక్కడే ఒకటి రెండు మెట్లు పైన ఆగండి. ఇంకా పెంచితే లేని చోట్ల ఎఫ్ఎం స్టేషన్ల నీడలు మొలుస్తాయి. అవి కనిపించాయంటే ఎక్కువైందన్నమాట.

ఎస్ఐ4732 చిప్‌తో వచ్చే చిన్న చైనా సెట్లలో ఏజీసీ కంటే పెద్ద శత్రువు సాఫ్ట్ మ్యూట్. సిగ్నల్ సన్నబడగానే 'ఇది హోరు' అని తీర్మానించి ఆడియో తగ్గించేస్తుంది. మెనూలో దాన్ని సున్నా చేయండి. ఆ ఒక్క పనితో సెట్టు మారిపోయిందా అనిపిస్తుంది.

నాబ్‌లే లేని జేబు రేడియో

మీడియం వేవ్ రేడియోలో ఏజీసీ మన చేతిలో ఉండదు. కానీ రేడియో మొత్తం మన చేతిలో ఉంటుంది. లోపలున్న ఫెర్రైట్ రాడ్ తన మొన ఏ వైపు చూపిస్తుందో ఆ వైపు నుంచి వచ్చే సిగ్నల్‌ను దాదాపు వినదు. హైదరాబాద్‌లో 738 కిలోహెర్ట్జ్ లోకల్ స్టేషన్ అంచులు పక్క స్టేషన్‌ను తినేస్తుంటే, రేడియోను బల్ల మీద పెట్టి మెల్లగా తిప్పండి. లోకల్ మునిగిపోయే ఒక కోణం దొరుకుతుంది, చాలా ఇరుకైన కోణం. రాత్రిపూట అక్కడ నిలబెట్టి విజయవాడ 837కు తిప్పి చూడండి. ఇది ఏజీసీకి గట్టివాణ్ని చూపించకుండా దాచడమే, అటెన్యుయేటర్ కంటే తెలివైన పద్ధతి.

సొంతంగా కట్టుకునేవాళ్లకు

హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ సెట్లతో మన దగ్గర చాలామంది హామ్‌లు మొదలుపెట్టారు. తొలి బిట్‌ఎక్స్‌లలో ఏజీసీయే లేదు, తర్వాత వచ్చిన మైక్రోబిట్‌ఎక్స్ కూడా అలాగే మొదలైంది. దాన్ని లోపమనేవాళ్లు చాలామంది. నాకైతే సన్నటి సిగ్నల్ వినడం నేర్పిన బడి అదే అనిపిస్తుంది, చెవి చెయ్యి రెండూ మేలుకునే ఉండాలి కదా.

ఏజీసీ కట్టుకోవాలంటే ఆడియోను డయోడ్‌తో రెక్టిఫై చేసి, కెపాసిటర్‌లో నింపి, ఆ వోల్టేజీతో ఏదో ఒక స్టేజీ గెయిన్ తగ్గించడమే సులువైన దారి. డికే ఎంతో లెక్కేయడానికి రెసిస్టర్‌ను కెపాసిటర్‌తో గుణించండి. 100 కిలోఓమ్‌లు, 10 మైక్రోఫారడ్‌లు అయితే ఒక సెకను. మోర్స్‌కు 1 మైక్రోఫారడ్ పెట్టి సెకనులో పదో వంతుకు తేవచ్చు, రెండింటి మధ్య ఒక చిన్న స్విచ్. ఆడియో నుంచి తీసిన ఏజీసీకి ప్రతి మాట మొదట్లో 'టప్' మనే అలవాటు ఉంటుంది. కెపాసిటర్ నింపే దారిలో రెసిస్టెన్స్ తగ్గిస్తే అది చాలావరకు పోతుంది.

పాత వాల్వు రేడియో ఎవరైనా తెచ్చి 'గట్టి స్టేషన్ గరగరలాడుతోంది, సన్నటివి బాగానే ఉన్నాయి' అంటే మొదట ఏవీసీ (ఏజీసీకి పాత పేరు) తీగ మీదున్న కాగితం కెపాసిటర్‌ను అనుమానించండి. అక్కడ రెసిస్టర్ మెగాఓమ్‌లలో ఉంటుంది కాబట్టి కెపాసిటర్ రవ్వంత లీకైనా ఏజీసీ వోల్టేజీ మొత్తం కారిపోతుంది. కొలవడానికి పాత ముల్లు మీటర్ పనికిరాదు, అదే వోల్టేజీని లాగేస్తుంది. 10 మెగాఓమ్‌ల డిజిటల్ మీటర్ వాడండి.

ఇవన్నీ సర్దుకున్నాక మళ్లీ 14.100కు వెళ్లండి. శ్రీలంక వంతు వచ్చినప్పుడు డ్యాష్‌లు ఎన్ని వినిపించాయో కాగితం మీద రాసుకోండి, ఏ సెట్టింగ్‌తో అన్నది పక్కన. మా డాబా మీద తీగతో ఏజీసీ స్లోలో రెండు, ఆర్ఎఫ్ గెయిన్ సర్దాక మూడు వచ్చాయి. నాలుగోది, ఆ వాట్‌లో పదో వంతుది, ఏజీసీ ఆపి ఊపిరి బిగబట్టి వింటే ఇప్పటిదాకా నాకు రెండేసార్లు దొరికింది.